సర్టిఫికెట్లతో సైబర్ సెక్యూరిటీలోకి వస్తే మొదటి జీతం ఎంత ఆశించాలి?

హెల్ప్‌డెస్క్_నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్తే. హెల్ప్‌డెస్క్‌లో ఏడాదిన్నరగా ఉన్నాను. పాస్‌వర్డ్ రీసెట్లు, వీపీఎన్ ఇబ్బందులు, కొత్తగా చేరినవాళ్లకు అకౌంట్లు చేసివ్వడం, ఇదే పని. పోయిన నెల కాంప్‌టియా వాళ్ల మొదటి మెట్టు సెక్యూరిటీ పరీక్ష, సెక్యూరిటీ ప్లస్ (ఎస్‌వై0-701) పాసయ్యాను. సీఈహెచ్ (ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్) కూడా చేస్తే జీతం మూడింతలవుతుందని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అంటున్నారు. ఇంకొకరేమో ఏకంగా సీఐఎస్‌ఎస్‌పీ (అనుభవం ఉన్నవాళ్లు చేసే పెద్ద సర్టిఫికెట్) రాసెయ్ అంటున్నారు.

అడగాల్సినవి మూడు. ఈ ఒక్క సర్టిఫికెట్‌తో ఏ ఉద్యోగం వస్తుంది? ఇప్పటి జీతం మీద ఎంత ఎక్కువ అడగొచ్చు? తర్వాత దేనికి డబ్బు పెట్టాలి? ఇక్కడ ఒక్కొక్కరిది ఒక్కో దేశం కాబట్టి కరెన్సీ లెక్కలు వద్దు. నా జీతం 100 అనుకుని చెప్పండి.

---

లాగ్‌పురుగు

ముందు ఆ మూడింతల మాట పక్కన పెట్టండి. హెల్ప్‌డెస్క్ నుంచి సాక్ (దాడుల అలర్ట్‌లు రాత్రింబవళ్లు చూసే టీమ్) ఎల్1కి, అంటే అందులో మొదటి మెట్టుకి మారితే 110కీ 130కీ మధ్య అనుకుని బయల్దేరడం మంచిది. ఉన్న కంపెనీలోనే టీమ్ మారితే 100కే రమ్మనొచ్చు. అప్పుడు కూడా కాదనకండి, కారణం కింద చెప్తాను.

ఎల్1 సీటుకి జీతం బ్యాండ్ ముందే కట్టేసి ఉంటుంది. కూర్చునే మనిషి దగ్గర ఒక సర్టిఫికెట్ ఉన్నా మూడున్నా ఆ బ్యాండ్ కదలదు. మేనేజర్ చూసేది ఒక్కటే, ఇతను ఎన్ని వారాల్లో ఎవరి సాయం లేకుండా షిఫ్ట్ నడపగలడు అని. సర్టిఫికెట్ పనికొచ్చేది దానికి ముందు జరిగే వడపోతలో. హెచ్‌ఆర్ వాళ్లు రెజ్యూమ్‌ల గుట్టలో వెతికే పదాల్లో సెక్యూరిటీ ప్లస్ ఒకటి. దాంతో పిలుపు వస్తుంది, దాని పని అక్కడితో సరి. జీతం బాగా పెరిగేది రెండో ఉద్యోగంలో. 18 నుంచి 24 నెలలు అలర్ట్‌లు చూసి పై మెట్టు ఎల్2గానో, డిటెక్షన్ ఇంజినీరింగ్ (అలర్ట్ రూల్స్ రాసే పని) వైపో బయటికి మారినప్పుడు 100కి 160, 180 అడిగినా ఎవరూ నవ్వరు. 100కే టీమ్ మారమన్నా ఒప్పుకోమన్నది అందుకే. మీరు కొనుక్కుంటున్నది ఆ రెండేళ్ల అనుభవాన్ని.

సీఐఎస్‌ఎస్‌పీ సంగతి. పరీక్ష ఎవరైనా రాయొచ్చు. ఆ పేరు వాడుకోవాలంటే మాత్రం ఎనిమిది డొమైన్లలో (సెక్యూరిటీ విభాగాల్లో) కనీసం రెండింటిలో కలిపి ఐదేళ్లు జీతానికి పనిచేసి ఉండాలి. డిగ్రీ గానీ, వాళ్లు ఒప్పుకునే వేరే సర్టిఫికెట్ గానీ ఉంటే ఒక్క ఏడాది తగ్గుతుంది. రెండూ ఉన్నా తగ్గేది ఒక్క ఏడాదే, ఇక్కడ చాలామంది పొరబడతారు. అనుభవం లేకుండా పాసైతే మీరు ‘అసోసియేట్ ఆఫ్ ఐఎస్‌సీ2’ (ఐఎస్‌సీ2 అంటే ఆ పరీక్ష పెట్టే సంస్థ). మిగతా ఏళ్లు పూర్తిచేయడానికి ఆరేళ్ల గడువిస్తారు. ఈలోపు రెజ్యూమ్‌లో సీఐఎస్‌ఎస్‌పీ అని రాసుకుంటే నియమం తప్పినట్టే. తెలిసిన ఇంటర్వ్యూయర్ ఎదురైతే అక్కడే కథ ముగుస్తుంది. సీఐఎస్‌ఎం (సెక్యూరిటీ మేనేజర్ల సర్టిఫికెట్) కూడా ఇదే దారి, అదీ ఐదేళ్ల అనుభవం అడుగుతుంది.

సీఈహెచ్‌లో నాలుగు గంటల్లో 125 ప్రశ్నలు, అన్నీ సరైన జవాబు ఎంచుకునేవే. కీబోర్డు మీద చేసి చూపించే పరీక్ష వేరే ఉంది (ఆరు గంటలు, 20 పనులు), కోచింగ్ ప్రకటనల్లో దాని ఊసుండదు. మీరు దరఖాస్తు చేయబోయే ప్రకటనల్లో సీఈహెచ్ అని పేరు పెట్టి అడుగుతుంటే చేయండి. లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

తర్వాతి సర్టిఫికెట్ ఏదన్నది కోచింగ్ సెంటర్‌ని అడగొద్దు. మీరు నిజంగా చేరగలిగే ఉద్యోగాల ప్రకటనలు 30 తీసుకోండి, ఏ టూల్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ టూల్స్ సెంటినెల్, డిఫెండర్ ఎక్కువగా కనిపిస్తే వాళ్ల సర్టిఫికెట్ ఎస్‌సీ-200. స్ప్లంక్ (లాగ్‌లు వెతికే టూల్) ఎక్కువైతే స్ప్లంక్ వైపు. ఇంకో లాభం కూడా ఉంది. ఎస్‌సీ-200 ఏడాదికే తీరిపోతుంది గానీ రెన్యువల్ ఆన్‌లైన్‌లో ఉచితం. సెక్యూరిటీ ప్లస్ మూడేళ్లు. అప్పటికి 50 సీఈయూలు (చదువు కొనసాగించినందుకు ఇచ్చే పాయింట్లు) కూడగట్టాలి, లేదా సైసా ప్లస్ లాంటి పై మెట్టు పాసైతే కిందిదాని గడువు దానంతటదే పెరుగుతుంది. పరీక్ష ఫీజు ఒక్కసారి కట్టేదే, నిలుపుకునే ఖర్చు మాత్రం ఏటా తగులుతుంది. సర్టిఫికెట్లు పోగేసేవాళ్లు ఈ లెక్క వేసుకోరు.

---

జాయినర్_లీవర్

పై జవాబు బాగుంది గానీ అందరూ సాక్ ఒక్కటే ద్వారమన్నట్టు మాట్లాడతారు. మీ ప్రశ్నలోనే ఇంకో ద్వారం ఉంది, మీరు చూసుకోలేదు: ‘కొత్తగా చేరినవాళ్లకు అకౌంట్లు చేసివ్వడం’. ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్ (ఎవరికి దేనిలోకి అనుమతి ఉండాలో చూసే) పనిలో మొదటి మెట్టు అదే. ఎక్కువ చోట్ల పగటి పని. పోటీ కూడా తక్కువే, ఎందుకంటే హ్యాకింగ్ అనే మెరుపు దీనికి లేదు.

ఇంటర్వ్యూలో అడిగేది ఇలా ఉంటుంది. ఉద్యోగి చేరినప్పుడు, విభాగం మారినప్పుడు, వెళ్లిపోయినప్పుడు యాక్సెస్ ఏమవుతుంది? చేరడం, వెళ్లడం అందరూ చెప్తారు. చెడేది మధ్యలోదే. అకౌంట్స్ నుంచి సేల్స్‌కి మారిన మనిషికి కొత్త గ్రూపులు ఇస్తారు, పాతవి తీయరు. నాలుగు విభాగాలు తిరిగినవాడి దగ్గర మేనేజర్‌కి కూడా లేని యాక్సెస్ పోగవుతుంది. యాక్సెస్ రివ్యూ చేయమంటే మేనేజర్లు వరసగా అన్నింటికీ అప్రూవ్ కొట్టేస్తారు. ‘దాన్ని ఎలా ఆపుతారు’ అనేది తర్వాతి ప్రశ్న. మారిన తేదీన పాత గ్రూపులకు గడువు పెట్టడం, రివ్యూలో మొత్తం జాబితాకు బదులు గత 90 రోజుల్లో వాడనివే చూపించడం లాంటి జవాబులు ఉన్నవాళ్లు తక్కువ.

చదవాల్సింది కొంచెమే: యాక్టివ్ డైరెక్టరీ (విండోస్‌లో కంపెనీ అకౌంట్లన్నీ ఉండే చోటు) గ్రూపుల రకాలు, అందులో లాగిన్ నడిపే కెర్బరాస్‌లో టికెట్ ఎలా నడుస్తుంది, ఒకే లాగిన్‌తో చాలా యాప్‌లు తెరిచే పద్ధతులైన శామ్‌ల్ (ఎస్‌ఏఎంఎల్)కీ ఓపెన్ ఐడీ కనెక్ట్‌కీ తేడా, కండిషనల్ యాక్సెస్ (ఏ షరతుల మీద లోపలికి రానివ్వాలో చెప్పే) పాలసీ రాసేముందు ఎమర్జెన్సీ అకౌంట్‌ని ఎందుకు పక్కన పెట్టాలి. ఈ చివరిది మరిచిపోయి అడ్మిన్లందరూ బయటే ఉండిపోవడం ఈ పనిలో తరచూ జరిగే ప్రమాదం.

---

ఈవెంట్4625

సాక్ వైపే వెళ్తానంటే మాత్రం సర్టిఫికెట్ గురించి పెద్దగా అడగరు. లాగ్ (కంప్యూటర్‌లో జరిగినవాటి చిట్టా) ముందు పెట్టి ‘ఏం జరుగుతోంది ఇక్కడ?’ అంటారు. మామూలుగా వచ్చేది ఒకటి చూడండి.

తెల్లవారుజామున 2:10 నుంచి ఒక విండోస్ సర్వర్‌లో 4625 (లాగిన్ విఫలం) ఈవెంట్లు 60. సోర్స్ ఐపీ ఒకటే. 2:19కి అదే ఐపీ నుంచి ఒక 4624 (లాగిన్ అయింది).

‘బ్రూట్ ఫోర్స్ (వరసగా పాస్‌వర్డ్‌లు ప్రయత్నించడం) అండీ, ఐపీ బ్లాక్ చేస్తాను’ అన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. లోపల ఎవరో ఉన్నాక తలుపు వేసి ఏం లాభం? నిలబడే జవాబు ఇలా నడవాలి. ఆ 60లో యూజర్ పేర్లు ఎన్ని? ఒకే పేరు మీద 60 అయితే పాస్‌వర్డ్ ఊహిస్తున్నారు. 60 పేర్ల మీద తలా ఒకటి అయితే పాస్‌వర్డ్ స్ప్రే, అకౌంట్లు లాక్ కాకుండా అలా ఒక్కొక్కటీ తట్టి చూస్తారు. తర్వాత సబ్ స్టేటస్ కోడ్ (ఎందుకు విఫలమైందో చెప్పేది) చివరి అంకెలు చూడాలి. 64 అయితే ఆ పేరుతో అకౌంటే లేదు. 6ఏ అయితే పేరు సరైనదే, పాస్‌వర్డ్ తప్పు. 234 అయితే అకౌంట్ లాకైంది. మొదట్లో అన్నీ 64లు ఉండి తర్వాత 6ఏలు మొదలయ్యాయంటే వాడికి అసలు పేర్లు దొరికాయి. ఆపైన లాగాన్ టైప్: 3 నెట్‌వర్క్, 10 రిమోట్ డెస్క్‌టాప్.

ఇక 4624 తర్వాత ఏం జరిగిందో చూడాలి. అదే లాగాన్ ఐడీతో 4672 ఉంటే వచ్చింది అడ్మిన్ హక్కులున్న అకౌంట్. 4720 కొత్త అకౌంట్ సృష్టి, 4732 లోకల్ గ్రూపులో చేర్పు, సిస్టమ్ లాగ్‌లో 7045 కొత్త సర్వీస్, 1102 అయితే లాగ్‌నే చెరిపేశారు. వీటిలో ఏది కనబడినా అప్పటికప్పుడు ఎల్2ని లేపాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సరిగ్గా పదిహేను నిమిషాలకొకసారి, ఒకే అకౌంట్ మీద, టైప్ 4 లేదా 5తో 4625 వస్తుంటే దాడి అనుకుని హడావుడి పడకండి. సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరో మార్చారు, షెడ్యూల్డ్ టాస్క్‌లో పాతది అలాగే ఉంది. హెల్ప్‌డెస్క్ చేసినవాళ్లు దీన్ని చూడగానే పడతారు, పుస్తకం చదివి వచ్చినవాళ్లు పట్టలేరు. మీకున్న అదనపు బలం అదే, ఇంటర్వ్యూలో దాచుకోకండి.

ఇంట్లో ల్యాబ్ కట్టడానికి 16 జీబీ ర్యామ్ చాలు గానీ లెక్క చూసుకోండి. వాజూ (లాగ్‌లు చూసే ఉచిత టూల్) మొత్తం ఒకే మెషీన్‌లో పెడితే దానికే 8 జీబీ పోతుంది, పక్కన 4 జీబీతో ఒక విండోస్ సర్వర్ నడుస్తుంది, మూడోది వేస్తే అన్నీ నత్తనడకే. విండోస్ సర్వర్ ట్రయల్ కాపీ 180 రోజులు, విండోస్ ఎంటర్‌ప్రైజ్ 90 రోజులు వస్తుంది. స్ప్లంక్ ఉచిత లైసెన్స్ రోజుకు 500 ఎంబీ తీసుకుంటుంది కానీ అందులో అలర్ట్‌లు పనిచేయవు. ‘రూల్ రాశాను, మోగట్లేదు’ అనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. ఇంకోటి, 4688 (ప్రాసెస్ మొదలైంది) రావాలంటే ఆడిట్ పాలసీలో ఆన్ చేయాలి, అందులో కమాండ్ లైన్ కనబడాలంటే ఇంకో సెట్టింగ్ వేరుగా పెట్టాలి. సిస్‌మాన్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత లాగింగ్ టూల్) వేస్తే ఈ గొడవ తగ్గుతుంది. సమయం కూడా చూసుకోండి. సర్వర్ స్థానిక సమయం చూపిస్తుంది, లాగ్ టూల్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) చూపిస్తుంది, రెండూ కలిపి టైమ్‌లైన్ రాస్తే దొంగ రాకముందే తలుపు తెరుచుకున్నట్టు వస్తుంది.

---

పోర్ట్3389

పైదానికి చిన్న సవరణ. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ (రిమోట్ స్క్రీన్ తెరవకముందే గుర్తింపు అడిగే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే విఫలమైన రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నం 4625లో టైప్ 3గానే పడుతుంది, 10గా కాదు. టైప్ 10 కోసం మాత్రమే వెతికితే ఆ 60 అసలు కనబడవు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పినా ల్యాబ్‌లో చేసి చూశారని వాళ్లకు అర్థమైపోతుంది.

---

రోస్టర్_గణితం

జీతం గురించి అడిగారు, దాని మీద అందరూ తక్కువే రాశారు. ఆఫర్ చేతికి వచ్చాక మొత్తం అంకె చూసి సంబరపడొద్దు. విడదీయండి.

మీకిప్పుడు వారానికి 40 గంటలు, పగలు, జీతం 100 అనుకుందాం. గంటకు 2.5 పడుతుంది. సాక్ నుంచి 125 ఆఫర్ వచ్చింది. విప్పి చూస్తే ఫిక్స్‌డ్ 100, షిఫ్ట్ అలవెన్స్ 10, వేరియబుల్ (ఖాయం కాని భాగం) 15. డ్యూటీ 12 గంటల షిఫ్ట్‌లు, నాలుగు రోజులు పని, నాలుగు రోజులు సెలవు. ఎనిమిది రోజులకు 48 గంటలు, అంటే వారానికి సగటున 42. ప్రతి షిఫ్ట్‌కీ హ్యాండోవర్ అరగంట ఉంటుంది, చాలా చోట్ల దానికి లెక్క కట్టరు. అది కలిపితే ఎనిమిది రోజులకు 50, వారానికి 43.75.

వేరియబుల్ పూర్తిగా వస్తే గంటకు 2.86, అంటే 14 శాతం పెరుగుదల. అసలు రాకపోతే 110ని 43.75తో భాగిస్తే 2.51. అంటే నిద్ర పాడుచేసుకుని కూడా మీరు ఉన్నచోటే ఉన్నారు! పైగా ఏడాది తర్వాత పగటి పనికి మారితే ఆ 10 పోతుంది. తర్వాతి కంపెనీ ఫిక్స్‌డ్ మీద లెక్క కడితే మీ పునాది 100 దగ్గరే ఉంటుంది. కాబట్టి బేరం ఆడేది మొత్తం మీద కాదు, ఫిక్స్‌డ్ మీద. 112 ఫిక్స్‌డ్ ఉన్న 120 ఆఫర్, 100 ఫిక్స్‌డ్ ఉన్న 125 కన్నా నయం.

అసలు ఎల్1 ఖాళీలు ఎప్పుడూ ఎందుకు ఉంటాయో కూడా తెలియాలి. వారానికి 168 గంటలు. ఒక్క కుర్చీ రాత్రింబవళ్లు నిండాలంటే 40 గంటల మనుషులు 4.2 మంది కావాలి, సెలవులూ జ్వరాలూ కలిపితే ఐదుగురికి తగ్గరు. అందులో ఒకరు మానేస్తే మిగతా నలుగురి రోస్టర్ కూలిపోతుంది. కొత్తవాళ్లను తీసుకునేది ఈ అవసరం కోసం. నైట్ చేయలేనంటే ద్వారం సగం మూసుకున్నట్టే, అది ముందే తేల్చుకోండి.

సంతకానికి ముందు అడగాల్సినవి:

ఎల్1కి అసలు లాగ్‌లు తెరిచే హక్కు ఉందా, లేక వచ్చిన టికెట్‌ని ముందుకు తోయడమేనా? (ఇది అన్నిటికన్నా ముఖ్యం. తోయడమే అయితే ఏడాది తర్వాత మీ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఆ తోసే పని ఇప్పుడు ఆటోమేషన్ కూడా చేసేస్తోంది.)

షిఫ్ట్‌కి మనిషికి ఎన్ని అలర్ట్‌లు? రాత్రి ఎల్2 ఆఫీసులో ఉంటారా, ఫోన్‌లోనా? ఎల్1 నుంచి ఎల్2కి పోయినేడాది ఎందరు వెళ్లారు? పరీక్ష ఫీజు కంపెనీ కడితే ఎన్ని నెలల్లోపు మానేస్తే తిరిగి వసూలు చేస్తారు, మొత్తమా, నెలల వారీగా తగ్గుతుందా?

వేరియబుల్ పోయినేడాది ఎంత శాతం ఇచ్చారో కూడా అడగండి. నసిగితే సున్నా అనుకుని లెక్క కట్టండి.

---

హెల్ప్‌డెస్క్_నుంచి

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఐడెంటిటీ వైపు నేను ఆలోచించనేలేదు. ఇంకో రెండు సందేహాలు. ఓఎస్‌సీపీ (మెషీన్ల మీద చేసి చూపించే హ్యాకింగ్ పరీక్ష) చేస్తే ఎల్1 దాటేసి నేరుగా పెన్‌టెస్టింగ్‌కి (అనుమతితో దాడి చేసి లోపాలు వెతికే పనికి) వెళ్లొచ్చా? రెజ్యూమ్‌లో హెల్ప్‌డెస్క్ పనిని ఎలా రాయాలి?

---

లాగ్‌పురుగు

వెళ్లొచ్చు, కానీ సీట్లు తక్కువ. రోస్టర్ గారి లెక్కనే తిప్పి చూడండి: సాక్ కుర్చీకి ఐదుగురు కావాలి, పెన్‌టెస్ట్‌లో ఒక్క మనిషే ఏడాదిలో ఎన్నో ప్రాజెక్టులు చేస్తాడు. ఆ ఒక్క మనిషి క్లయింట్ ముందు కూర్చుని మాట్లాడాలి కాబట్టి కొత్తవాళ్లను తీసుకోవడానికి జంకుతారు.

పరీక్ష మాత్రం నిజమైనదే. 23 గంటల 45 నిమిషాలు మెషీన్లు, ఆ తర్వాత 24 గంటల్లో రిపోర్ట్. 100కి 70 రావాలి. యాక్టివ్ డైరెక్టరీ సెట్ 40, విడి మెషీన్లు మూడు, ఒక్కోటి 20. విడి మెషీన్‌లో లోపలికి వెళ్తే 10, అడ్మిన్ హక్కులు తెచ్చుకుంటే ఇంకో 10. అంటే డైరెక్టరీ సెట్ పూర్తిచేసి, మూడింటిలోకీ కేవలం ప్రవేశించినా 70 అవుతుంది. డైరెక్టరీ రాకపోతే మిగతావన్నీ చేసినా 60 దగ్గరే ఆగిపోతారు. స్క్రీన్‌షాట్ మరిచిపోయి పాయింట్లు పోగొట్టుకునేవాళ్లు కూడా ఉంటారు, రిపోర్ట్‌లో ఆధారం లేని మెషీన్ చేయనట్టే లెక్క. 2024 నవంబర్ నుంచి పాసైనవాళ్లకు ఓఎస్‌సీపీతోపాటు ఓఎస్‌సీపీ ప్లస్ కూడా ఇస్తున్నారు. ప్లస్ మూడేళ్లకు తీరుతుంది, మామూలుది తీరదు.

మీకు ఇప్పుడే వద్దు. ఫీజు పెద్దది, లినక్స్ చేయి తిరగకుండా ల్యాబ్ కొంటే గడువు కమాండ్లు నేర్చుకోవడానికే సరిపోతుంది.

---

జాయినర్_లీవర్

రెజ్యూమ్ సంగతి నేను చెప్తాను. ‘యూజర్ సమస్యలు పరిష్కరించాను’ అని రాస్తే ఎవరూ చదవరు. అదే పనిని సెక్యూరిటీ భాషలో, అంకెతో రాయండి. అంకెలు మీ టికెట్ టూల్‌లోంచే తీయండి, ఊహించి రాయొద్దు, ఇంటర్వ్యూలో తవ్వుతారు.

‘పాస్‌వర్డ్ రీసెట్ చేశాను’ బదులు ‘నెలకు ఇన్ని రీసెట్లు, ప్రతిదానికీ ముందు కాల్‌బ్యాక్‌తో గుర్తింపు సరిచూశాను’. ఫోన్ చేసి ఉద్యోగినంటూ పాస్‌వర్డ్ మార్పించుకోవడం దాడి చేసేవాళ్లు బాగా వాడే దారి. ఆ తలుపు దగ్గర కాపలా ఉన్నది మీరే.

‘అకౌంట్లు తయారుచేశాను’ బదులు ‘చేరిక, నిష్క్రమణ టికెట్లు ఇన్ని, నిష్క్రమణ రోజునే అకౌంట్ ఆపినవి ఇంత శాతం’. ఆ శాతం తక్కువగా ఉంటే దాచకండి, ఎందుకు తక్కువో కనుక్కోండి. సాధారణంగా హెచ్‌ఆర్ నుంచి సమాచారం ఆలస్యంగా రావడమే కారణం. ఆ ఆలస్యాన్ని తగ్గించడానికి మీ మేనేజర్‌కి ఒక పేజీ ప్రతిపాదన రాసి ఇచ్చారంటే, రెజ్యూమ్‌లో సర్టిఫికెట్ కన్నా పైన పెట్టాల్సిన లైను అదే. పైగా మీ కంపెనీ సెక్యూరిటీ టీమ్ మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టడం కూడా ఆ పేజీతోనే మొదలవుతుంది.

---

హెల్ప్‌డెస్క్_నుంచి

నిష్క్రమణ టికెట్లు ఇప్పుడే తీసి చూశాను అండీ. గత మూడు నెలల్లో 41. అదే రోజు ఆపినవి 17. కారణం మీరన్నదే, హెచ్‌ఆర్ మెయిల్ శుక్రవారాలు గుంపుగా వస్తోంది. పేజీ రాయడం మొదలుపెట్టాను.